వినైల్ రూఫ్ ఉంచాలా, పీకెయ్యాలా? తేల్చేది కింద ఉన్న రేకే

పాత అమెరికన్ కారు కొన్నవాళ్లకి త్వరలోనే ఎదురయ్యే పేచీ ఒకటుంది. కారు పైన నల్లటి వినైల్ రూఫ్, అంటే రేకు కప్పు మీద అంటించిన ప్లాస్టిక్ తొడుగు. దూరం నుంచి దర్జాగానే కనిపిస్తుంది. దగ్గరికెళ్లి వెనక అద్దం కింది మూలలో చూస్తే బొటనవేలి గోరంత ఉబ్బు. ఇక సలహాలు మొదలవుతాయి. "పీకి పారేసి రంగు కొట్టించు, పీడ వదులుతుంది" అని ఒకరు. "కంపెనీ నుంచి వచ్చిందది, ముట్టుకున్నావో విలువ పోయినట్టే" అని ఇంకొకరు. వీళ్లిద్దరూ మాట్లాడేది పైనున్న తొడుగు గురించి. అసలు కథంతా దాని కింద ఉంది. తొడుగు పీకినా, కొత్తది వేసినా, కింద చెయ్యాల్సిన తుప్పు పని మాత్రం తప్పదు. దారులు వేరయ్యేది ఆ పని అయ్యాకే. "రంగు కొట్టడం కన్నా వినైల్ వేస్తే చవక" అనో, "వినైల్ తీసేస్తే తుప్పు బాధ ఉండదు" అనో లెక్కలు వేసుకునేవాళ్లు దెబ్బ తినేది ఇక్కడే.

ముందు ఈ తొడుగు ఎందుకు పుట్టిందో చూద్దాం. టాపు మడిచే కన్వర్టిబుల్ కార్ల షోకు, గట్టి రేకు కప్పున్న కారుకి తేవాలన్నది కంపెనీల ఆలోచన. 1956లో కాడిలాక్ ఎల్డొరాడో సెవిల్ పైకప్పుని 'వైకోడెక్' అనే వినైల్ గుడ్డతో కప్పింది. అయితే దీన్ని నిజంగా ఫ్యాషన్ చేసింది 1962 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్ లాండౌ. దాని వెనక స్తంభాలకి ఎస్ ఆకారంలో మెరిసే కడ్డీలు కూడా ఉండేవి. గుర్రపు బగ్గీల్లో అలాంటి కడ్డీలు టాపు మడవడానికి పనికొచ్చేవి. థండర్‌బర్డ్‌లో అవి మడిచేదేమీ లేదు, ఉత్త అలంకారం. జనానికి మాత్రం తెగ నచ్చింది. ఆ దశాబ్దం చివరికి చిన్న కార్లకీ, స్పీడు కార్లకీ కూడా వినైల్ ఎక్కేసింది. 1969లో ప్లిమత్ అయితే 'మాడ్ టాప్' పేరుతో పూల డిజైన్ వినైల్ అమ్మింది. బాత్‌రూమ్ కర్టెన్ లాగా ఉందని నవ్వినవాళ్లే ఇప్పుడు దాని కోసం వెతుకుతున్నారు.

షోకు సరే, కంపెనీకి ఇందులో ఇంకో లాభం ఉంది. మన పేచీకి మూలం కూడా అదే.

అతుకు దగ్గర అసలు గొడవ

ఆ కాలపు కార్లలో పైకప్పు ఒక రేకు, వెనక చక్రం పైనుండే క్వార్టర్ ప్యానెల్ ఇంకో రేకు. ఈ రెండూ కలిసేది వెనక అద్దానికి పక్కనుండే వెడల్పాటి స్తంభం మీద. దాన్ని సీ పిల్లర్ అంటారు. రెండు రేకుల అంచులనీ ఒకదాని మీద ఒకటి పెట్టి స్పాట్ వెల్డింగ్ చేస్తారు. అక్కడ ఒక గాడి మిగులుతుంది. రంగు వేసే కారైతే ఆ గాడిలో సీసం, తగరం కలిపిన మిశ్రమాన్ని కరిగించి నింపి, ఆకురాయితో రాకి, చేత్తో తడిమినా అతుకు తెలియనంత నునుపు చెయ్యాలి. చెయ్యి తిరిగిన పనివాడు కావాలి, టైమూ పడుతుంది. అదే పైన వినైల్ వచ్చే కారైతే అంత నునుపు ఎవరిక్కావాలి? మందమైన గుడ్డ అన్నీ కప్పేస్తుంది. అందుకే చాలా వినైల్ కార్లలో ఈ అతుకు పని ముతకగా వదిలేశారు. రంగు కూడా పైకప్పు దాకా పూర్తిగా వెయ్యకుండా, ప్రైమర్ మీద పల్చగా ఒక పూత పూసి పంపినవి ఎన్నో.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ 1970 ప్లిమత్ సూపర్‌బర్డ్. అమెరికాలో జరిగే నాస్కార్ కార్ల పందేల కోసం చేసిన కారు. ముందు కోసుగా ముక్కు, వెనక ఆకాశమంత రెక్క. గాలి సాఫీగా జారిపోవడానికి వెనక అద్దం వాలు మార్చారు, దాని చుట్టూ కొత్త రేకు ముక్క అతికారు. పందెంలో దించాలంటే రోడ్డు మీద తిరిగే కార్లు కూడా 1,900 పైచిలుకు తయారు చెయ్యాల్సి వచ్చింది. అన్ని కార్లకీ ఆ అతుకులు నునుపు చేస్తూ కూర్చుంటే తెమలదు. పరిష్కారం ఏమిటంటే, ప్రతి సూపర్‌బర్డ్‌కీ నల్ల వినైల్ రూఫ్! అంతకు ముందు ఏడాది వచ్చిన డాడ్జ్ చార్జర్ డేటోనా దీని అన్నలాంటిదే, కానీ అవి 500 చిల్లర మాత్రమే. వాటికి అతుకులు చక్కగా పూడ్చారు, వినైల్ అవసరం పడలేదు. ఇప్పుడు సూపర్‌బర్డ్ వినైల్ పీకి రంగు వేస్తానంటే, కంపెనీ ఎగ్గొట్టిన పనిని మీరు డబ్బిచ్చి పూర్తి చేయిస్తున్నారన్నమాట. పైగా అలాంటి సూపర్‌బర్డ్ ఏదీ కంపెనీ నుంచి రాలేదు కాబట్టి చూసినవాళ్లంతా వేలెత్తి చూపుతారు.

1970 డాడ్జ్ చాలెంజర్ ఎస్ఈ కూడా ఈ కోవలోదే. దాని వెనక అద్దం మామూలు చాలెంజర్ అద్దం కన్నా చిన్నది. ఆ తేడాని పూడ్చిన ముక్కని కప్పింది వినైలే. తొడుగు తీస్తే కింద కనిపించేది నున్నటి కప్పు కాదు, అతుకుల బొంత.

నీళ్లు ఎలా చేరతాయి

వినైల్ తొడుగంటే పైన పీవీసీ పొర, కింద గుడ్డ. కొన్ని ఖరీదైన మోడళ్లలో మధ్యలో స్పాంజి మెత్త కూడా ఉంటుంది. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ ఎండకి ఏళ్ల తరబడి ఆరిపోతూ వస్తుంది. తొడుగు బిరుసెక్కి, కుంచించుకుపోతుంది. లాగేది ఎటువైపు? అంచుల నుంచి లోపలికి. దాంతో అద్దం చుట్టూ, కింది బీడింగ్ పట్టీల కింద సందులు పడతాయి. రెండు ముక్కల్ని కలిపిన కుట్టు దగ్గర పగుళ్లు వస్తాయి. అలా దిగిన నీటిని గుడ్డ పీల్చుకుంటుంది. పైనున్న పొర ఆరనివ్వదు. వాన వెలిసిన వారానికి కూడా లోపల చెమ్మే.

తుప్పు మొదలయ్యేది నడినెత్తిన కాదు, చాలాసార్లు బీడింగ్ దగ్గర. మెరిసే స్టీలు పట్టీని పట్టి ఉంచే క్లిప్పులు, రేకుకి వెల్డ్ చేసిన స్టడ్‌లకి, అంటే చిన్న చిన్న మేకుల్లాంటి వాటికి, తగులుకుంటాయి. క్లిప్పు ఎక్కించేటప్పుడే స్టడ్ చుట్టూ రంగు గీసుకుపోతుంది. ఆ గీత మీద ఏళ్ల తరబడి నీళ్లు నిలుస్తాయి. ఇంకో చోటు, వెనక అద్దానికీ డిక్కీ మూతకీ మధ్య ఉండే సన్నటి అడ్డరేకు. అమెరికాలో దాన్ని డచ్‌మన్ ప్యానెల్ అంటారు. అద్దం కింది గాడిలో చిల్లు పడితే నీళ్లు నేరుగా డిక్కీలోకి కారి, స్టెప్నీ గుంటలో చేరతాయి. కాబట్టి వినైల్ రూఫ్ కారు కొనడానికి వెళ్లినప్పుడు నేనైతే ముందు కప్పు వంక చూడను, డిక్కీ తెరిచి కార్పెట్ ఎత్తి చూస్తాను.

తర్వాత ఉబ్బుల సంగతి. ఉబ్బిన ప్రతిదీ తుప్పు కాదు. బొటనవేలితో మెల్లగా నొక్కండి. మెత్తగా దిగి, వదలగానే గాలి బుడగలా పైకొస్తే అక్కడ గమ్ము వదిలిందంతే. నొక్కినప్పుడు కరకరమని అప్పడం నలిగినట్టు వినిపిస్తే అది రేకు పొరలు పొరలుగా లేస్తున్న తుప్పు. అయస్కాంతం కూడా పనికొస్తుంది, కానీ వినైల్ మందానికి పట్టు ఎలాగూ తగ్గుతుంది కాబట్టి, ముందు నడినెత్తిన గట్టిగా ఉన్న చోట పెట్టి ఆ పట్టు ఎంతో చూసుకుని, తర్వాత మూలల్లో పోల్చాలి. వీలైతే లోపలి సీలింగ్ గుడ్డ ఒక మూల ఊడదీసి, టార్చి వేసి రేకు అడుగు చూడాలి. అడుగున గోధుమ రంగు మచ్చలు పొడిచాయంటే పైన పని బాగా ముదిరినట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక. మిగతా కారంతా పాతగా ఉండి, వినైల్ ఒక్కటే కొత్తగా నిగనిగలాడుతుంటే సంతోషించకండి. తుప్పు మీద పుట్టీ మెత్తి, దాని మీద కొత్త వినైల్ అంటించడం అమ్మేవాళ్లకి అన్నిటికన్నా తేలికైన మేకప్. వినైల్ కింద పని చేసిన ఫోటోలు చూపించమనండి. నిజాయితీగా చేయించినవాళ్ల దగ్గర అవి ఉంటాయి.

పీకేస్తే

పీకడం చాలా తేలిక, ఒక్క మధ్యాహ్నం చాలు. అద్దాల చుట్టూ బీడింగ్ తీసి, అంచు పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. అయితే వెనక్కి తిప్పలేని పని అది. పాత వినైల్ మళ్లీ అతకదు. అందుకే, ఉబ్బు లేదు, డిక్కీ పొడిగా ఉంది, కుట్టు చెదరలేదు అనుకుంటే, కేవలం చూద్దామన్న కుతూహలంతో మాత్రం లాగకండి.

లాగాక మిగిలేది పసుపు పచ్చటి, జిగట గమ్ము. దాన్ని కరిగించడానికి చాలామంది హీట్ గన్ పట్టుకుంటారు. గమ్ముకి కొంచెం వేడి చాలు. కానీ హీట్ గన్ ఫుల్లు మీద పెడితే 500 డిగ్రీలు దాటుతుంది. అతుకులో ఉన్న సీసం–తగరం మిశ్రమం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. సీ పిల్లర్ మీద గన్ను ఒక్క చోటే ఆపారంటే, గమ్ముతో పాటు అతుకూ జారుతుంది. నడినెత్తిన ఆపితే ఇంకో చిక్కు. మిల్లీమీటరు కూడా లేని పెద్ద చదును రేకు వేడికి సాగి, ఆరాక టకాటకా లోపలికీ బయటికీ కొట్టుకునే గుంత తేలుతుంది. దాన్ని సరిచెయ్యడం తుప్పు కొయ్యడం కన్నా కష్టం. ప్లాస్టిక్ గరిట, గమ్ము కరిగించే ద్రావకం, ఓపిక ఉంటే చాలు. సీసం ఉన్న చోట పొడిగా మెషిన్ సాండింగ్ మాత్రం అస్సలు వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే విషం.

ఆ తర్వాత స్టడ్‌లు. వినైల్ కోసం పెట్టిన బీడింగ్ ఇక ఉండదు కాబట్టి వాటిని కోసి నునుపు చెయ్యాలి. రేకుకి తొలిచిన రంధ్రాలుంటే వెల్డింగ్‌తో పూడ్చాలి. చిల్లు పడ్డ చోట కోసి కొత్త ముక్క వెయ్యాలి. వెల్డింగ్ ఒక గీతలా లాగకుండా, ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెడుతూ, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. బాగా అమ్ముడైన మోడళ్లకి పైకప్పు రేకు, డచ్‌మన్ ప్యానెల్ కొత్తవి దొరుకుతాయి. అరుదైన కారైతే చేత్తో తయారు చేయించుకోవడమే.

తర్వాత అతుకు. దీని మీద టింకరింగ్ వాళ్లలోనే రెండు వర్గాలు. పాత సీసాన్నే ఉంచి మళ్లీ నింపి రాకాలని ఒక వర్గం అంటుంది. పాత సీసం పూర్తిగా కరిగించి తీసేసి, అతుకు పొడుగునా వెల్డింగ్ చేసి, ఎపాక్సీ ప్రైమర్ మీద పల్చగా ఫిల్లర్ వెయ్యాలని రెండో వర్గం. రెండూ సరిగ్గా చేస్తే నిలుస్తాయి. నిలవనిది మూడోది, వెల్డింగ్ లేని ఆ గాడిలో నేరుగా పుట్టీ కూరడం. స్పాట్ వెల్డింగ్‌ల మధ్య రెండు రేకులూ కారు కదిలినప్పుడల్లా కొద్దిగా కదులుతాయి. పుట్టీకి ఆ సాగుడు లేదు. మొదటి ఎండాకాలం గడిచేసరికి సీ పిల్లర్ మీద రంగు కింద సన్నటి గీత తేలుతుంది. సీసం పద్ధతిలో కూడా ఒక చిన్న జాగ్రత్త ఉంది. సీసం పట్టడానికి వాడే ఫ్లక్స్‌లో ఆమ్లం ఉంటుంది. వంటసోడా నీళ్లతో కడిగి దాన్ని విరిచెయ్యకపోతే కొన్ని నెలలకి అక్కడే పొక్కులు లేస్తాయి.

ఇప్పుడు రంగు. బానెట్‌కో తలుపుకో రంగు వేస్తే అంచు ఉంది కాబట్టి అక్కడితో ఆపొచ్చు. కప్పుకి అలాంటి అంచు లేదు. కప్పు నుంచి సీ పిల్లర్ మీదుగా క్వార్టర్ ప్యానెల్ దాకా ఒకే ధార. యాభై ఏళ్ల కింద వేసి వెలిసిన రంగుకి కొత్త రంగు కలపాలి. కలవదు. క్వార్టర్ ప్యానెళ్లు కూడా వెయ్యాలి, అవి వేస్తే తలుపులు పాతగా కనిపిస్తాయి. అలా కప్పుతో మొదలైన ఎస్టిమేటు కారంతా పాకుతుంది. కారు మొత్తానికి ఎలాగూ రంగు వేయిస్తున్నవాళ్లకి ఇది సమస్యే కాదు. పాత రంగు బాగున్న కారుకి మాత్రం వినైల్ పీకడం చాలా ఖరీదైన సరదా.

ఉంచితే, లేదా కొత్తది వేస్తే

పాతది బాగుండి ఉంచుకునేవాళ్లకి పెద్ద పనేమీ లేదు. మెత్తటి బ్రష్షు, తేలికపాటి సబ్బు నీళ్లు. మెరుపు కోసం సిలికాన్ పాలిష్‌లు పట్టించకండి. రేపు కుట్టు దగ్గర గమ్ము పెట్టాల్సి వచ్చినా, కారుకి రంగు వెయ్యాల్సి వచ్చినా ఆ సిలికాన్ పట్టనివ్వదు. గాలి ఉబ్బు చిన్నదైతే సిరంజితో గమ్ము ఎక్కించి అదిమి పెట్టొచ్చు. అద్దం రబ్బరు, బీడింగ్ చివర్లు ఏటా చూసుకోవాలి. తడి కారు మీద కవర్ కప్పకూడదు.

కొత్తది వేయించేటప్పుడు మాత్రం కంపెనీ చేసిన పొరపాటు మీరూ చెయ్యకండి. తుప్పు మొత్తం తీసి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, దాని మీద కారు రంగు కూడా పూర్తిగా వేయించాలి. కనపడని చోట రంగెందుకు అని షాపువాళ్లు నవ్వినా పట్టించుకోవద్దు. ఆ రంగు బాగా ఆరాకే గమ్ము పెట్టాలి. పచ్చి రంగు మీద గమ్ములోని ద్రావకం పడితే రంగు ఉడికినట్టు ముడుచుకుంటుంది. ముందు వెనక అద్దాలూ, బీడింగూ పూర్తిగా తీయించాలి. వాటిని ఉంచి, అంచు దాకా కోసి లోపలికి దోపేస్తే నీళ్లకి తలుపు తీసినట్టే.

వెయ్యడం కూడా చూడముచ్చటైన పని. కప్పు మధ్యలో సుద్దముక్కతో గీత గీస్తారు, తొడుగు నడిమధ్యనీ గీస్తారు. కుట్టులు రెండు వైపులా సమానంగా వస్తున్నాయో లేదో ముందు గమ్ము లేకుండా పరిచి చూస్తారు. తర్వాత సగం మడిచి, ఆ సగానికి గమ్ము పట్టించి, నడుమ నుంచి అంచులకి అరచేత్తో తోస్తూ దించుతారు. వినైల్‌ని ఎండలో కాసేపు పెట్టి మెత్తబరిస్తే మడతలు పడవు. కొనేటప్పుడు గరుకు డిజైన్ చూసుకోండి. ఒక్కో కంపెనీ చర్మపు గీతల డిజైన్ ఒక్కోలా ఉంటుంది. వేరే కంపెనీది వేస్తే తెలిసినవాళ్లు పది అడుగుల దూరం నుంచే పట్టేస్తారు.

ఈ రెండిటి మధ్య ఇంకో దారి ఉందని కొందరు చెబుతారు. వినైల్ తీసేసి, ట్రక్కుల వెనక తొట్టికి వేసే గరుకు కోటింగ్‌ని కప్పుకి కొట్టించడం. వినైల్ లాగా కనిపిస్తుంది, అతుకూ కప్పేస్తుంది. నాకు మాత్రం ఇది నచ్చదు. దూరం నుంచి కూడా అది వినైల్ కాదని తెలిసిపోతుంది, రేపు మనసు మారి తీద్దామంటే ప్రాణం తోడేస్తుంది. నల్ల కప్పే కావాలంటే, అతుకు పని సరిగ్గా చేయించి మెరుపు తక్కువ నల్ల రంగు వేయించడం మేలు.

కాగితం ఏం చెబుతుంది

విలువ మాట వస్తే, కారు పుట్టుకలో వినైల్ ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. ప్లిమత్, డాడ్జ్ లాంటి క్రైస్లర్ కంపెనీ కార్లలో ఇంజన్ గదిలో ఫెండర్ మీద ఉండే రేకు ట్యాగ్ మీద వీ1ఎక్స్ అని ఉంటే నల్ల వినైల్ వచ్చినట్టు. షెవ్రొలే ఆర్డర్ కాగితాల్లో వినైల్ రూఫ్ కోడ్ సీ08. 1967 మోడల్ నుంచి ఫోర్డ్ కార్లకి మార్టీ రిపోర్ట్ దొరుకుతుంది, అంటే కారు ఏయే వస్తువులతో తయారైందో కంపెనీ రికార్డుల నుంచి తీసి ఇచ్చే కాగితం. పోంటియాక్ వాళ్లకి పోంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ కాగితాలిస్తుంది. 1971–73 మస్టాంగ్ గ్రాండే లాంటి మోడల్‌కి వినైల్ రూఫ్ స్టాండర్డ్‌గానే వచ్చేది, అక్కడ పీకితే మోడల్ గుర్తింపే పోతుంది.

కాగితంలో ఉంది, కారు అరుదైనది, ఇంజన్ కూడా పుట్టినప్పటిదే అయితే వినైల్ మళ్లీ వేయించండి. పోటీల్లో జడ్జీలు చూసేదీ, బాగా డబ్బు పెట్టి కొనేవాళ్లు అడిగేదీ అదే. మామూలు ఆరు సిలిండర్ల కారు, ఇంజన్ ఎప్పుడో మారింది, ఎలాగూ పూర్తిగా రంగు వేయిస్తున్నారు అనుకుంటే, పీకినా పెద్దగా పోయేదేమీ లేదు. అలాంటి కారులో మీ కళ్లకి ఏది బాగుంటే అదే ప్రమాణం.

ఇక కాగితంలో లేకుండా వినైల్ ఉంటే, బహుశా డీలరో పాత యజమానో తర్వాత వేయించింది. 1970లు, 80ల్లో డీలర్ల దగ్గర కన్వర్టిబుల్‌లా కనిపించే మెత్త టాపులు వేయించుకోవడం మామూలే. వాటిలో కొన్నిటిని బిగించడానికి రేకుకి నేరుగా స్క్రూలు కొట్టారు. ఇవి ఉంచడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. ఎంత త్వరగా తీస్తే అంత మంచిది.

ఏ దారి ఎంచుకున్నా, షాపువాళ్లతో ధర మాట్లాడేది తొడుగు ఊడదీశాకే పెట్టుకోండి. ఊడదీయక ముందు చెప్పిన ఎస్టిమేటు, ఎంత నమ్మకస్తుడు చెప్పినా, ఊహే. ఊడదీసిన రోజు ఫోటోలు తీసి, తుప్పు కోసిన చోట, కొత్త ముక్క వేసిన చోట, ప్రైమర్ పడ్డాక మళ్లీ తీసి దాచండి. అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది ఆ ఫోటోల గురించే.